తేమ నష్టం కింద రాసినవి

పొద్దున్న ఏడున్నరకి మొదటి లారీ కాటా ఎక్కుతుంది. గేటు లోపల నేలకి సమానంగా పరిచిన పెద్ద ఇనప పలక అది. లారీ దాని మీద ఆగితే పక్క గదిలో ఎర్ర అంకెల్లో బరువు కనిపిస్తుంది. ఆ గదిలో కూర్చునే పెద్దాయన్ని అందరూ కాటా మామ అంటారు. ఆయన అంకె చదువుతాడు, ఎదురు బల్ల దగ్గర కూర్చున్నావిడ రాస్తుంది. ఆవిడ రిజిస్టరమ్మ. అసలు పేరు లేకపోలేదు, కానీ ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆవిడే పలకదు.

ఊరి చెత్తంతా అక్కడికే వస్తుంది. షెడ్డులో గుమ్మరిస్తారు, బెల్టు మీదికి ఎక్కిస్తారు, బెల్టుకి రెండువైపులా నిలబడి ఎనభై మంది ఏరతారు. తడిది ఎరువుకి పోతుంది, పొడిది కట్టలు కట్టి పంపేస్తారు, పనికిరానిది ఊరవతల గోతిలో పూడుస్తారు. నెలాఖరున రిజిస్టరమ్మ నాలుగో నంబరు ఫారం నింపుతుంది. వచ్చిన బరువు ఒకవైపు, వెళ్ళిన బరువూ మిగిలిన బరువూ ఇంకోవైపు. రెండువైపులా సమానం కావాలి. కాకపోతే ఎందుకు కాలేదో రాయడానికి ఫారంలో ఒకే ఒక్క గడి ఉంది. దాని పేరు తేమ నష్టం. తడి చెత్త ఎండితే తేలికవుతుంది కదా. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడికి బరువు తగ్గడానికి ఇంకో కారణం తోచినట్టు లేదు.

ఇంకో కారణం ఉంది. పొరపాటున పారేసిన వస్తువులు ఇంటికి వెళ్ళిపోతాయి. గొడుగు మొన మీద టకటకా నడుస్తుంది, స్టీలు డబ్బా దొర్లుతుంది, దిండు ఆయాసపడుతూ పాకుతుంది. రోడ్డు దాటేచోట ఆగి, దీపం పచ్చగా మారాక దాటతాయి. వాచ్‌మన్ ప్రతిదానికీ అడ్డకర్ర పైకెత్తుతాడు. గొడుగు కర్ర కింద నుంచే పోగలదు, అయినా ఎత్తుతాడు. అది మర్యాద అంటాడు.

కొన్ని వచ్చిన గంటకే లేస్తాయి, కొన్ని మూడు రోజులు కుప్పలో పడుకుని అప్పుడు లేస్తాయి. దీనికి కాటా మామ దగ్గర ఒక లెక్క ఉంది. పారేసినవాళ్ళు వెతకడం మొదలుపెట్టిన క్షణాన వస్తువు లేస్తుందట. "ఎవరూ వెతకనిది కుప్పలోనే ఉంటుంది అమ్మాయ్. అది నిజంగా చెత్త" అంటాడు.

రిజిస్టరమ్మ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఇలా వెళ్ళిన వాటిని ఏ గడిలో రాయాలని అడిగింది. అప్పటి మేనేజరు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "తేమ నష్టంలో వేసెయ్యమ్మా. ఉండాల్సింది లేదు, అంతేగా" అన్నాడు. ఆవిడ వేసేసింది. ఏడేళ్ళు వేస్తూనే ఉంది. ఆ మేనేజరు వెళ్ళి ఇప్పటి మేనేజరు వచ్చాడు, ఆయనా అడగలేదు.

సోమవారం కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ప్లాంటు లైసెన్సు గడువు శుక్రవారం సాయంత్రం అయిదింటికి తీరుతుంది. ఆలోగా ఇన్‌స్పెక్టరు సంతకం పడకపోతే గేటుకి తాళం, ఎనభై మందీ ఇంటికి. పాత ఇన్‌స్పెక్టరు ముక్కు మూసుకుని వచ్చి, సంతకం పెట్టి, ముక్కు మూసుకునే వెళ్ళేవాడు. ఈయన ముక్కు మూసుకోలేదు. మేనేజరుకి మొదట భయం పుట్టించింది అదే.

"పొడి విభాగంలో నిరుడు వెయ్యిన్నీ నూట ఎనభై కిలోల తేమ నష్టం" అని చదివాడు ఇన్‌స్పెక్టరు. "ప్లాస్టిక్ కుర్చీలో తేమ ఎక్కడుంటుంది మేడమ్?"

"ఉండదు సార్" అంది రిజిస్టరమ్మ.

"మరి బరువెందుకు తగ్గింది?"

"ఇంటికి వెళ్ళిపోయాయి సార్."

ఇన్‌స్పెక్టరు తలాడించాడు. వాళ్ళమ్మ కళ్ళజోడు కూడా ఒకసారి అలాగే తిరిగొచ్చింది. ఆయన బాధ అది కాదు. "వెళ్తే వెళ్ళాయి. ఏ పత్రం మీద వెళ్ళాయి? గేటు దాటిన ప్రతి వస్తువుకీ నాలుగు ప్రతుల్లో రవాణా పత్రం ఉండాలి. వాహనం నంబరు, తీసుకెళ్ళినవారు, అందుకున్నవారి సంతకం. ఏవీ?"

"వాహనం లేదు సార్. నడిచి వెళ్ళాయి."

"తీసుకెళ్ళినవారు?"

"అవే."

ఇన్‌స్పెక్టరు నిబంధనల పుస్తకం తీశాడు. తొమ్మిదో నిబంధన ప్రకారం గేటు దాటి లోపలికొచ్చిన ప్రతిదీ చెత్తే. పద్నాలుగో నిబంధన ప్రకారం యజమాని తిరిగి అందుకున్నది చెత్త కాదు. మరి గేటుకీ ఇంటికీ మధ్య, రోడ్డు మీద నడుస్తున్న కుర్చీ ఏమిటి? చెత్తయితే పత్రం లేకుండా చెత్త రవాణా చేసిన నేరం. చెత్త కాకపోతే దాన్ని లోపలికి తీసుకున్నందుకు ఇంకో నేరం. ఆయన రెండు పేజీల మధ్యా వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు. మేనేజరు బిక్కమొహం వేసుకుని టీ తెప్పించాడు, ఎవరూ తాగలేదు.

"రేపటి నుంచి ప్రతిదానికీ పత్రం రాయండి" అన్నాడు చివరికి. "దాని వెనకే వెళ్ళి సంతకం తీసుకురండి." ఏడేళ్ళ రిజిస్టర్లు ఏడూ సంచిలో వేసుకుని తన ఆఫీసుకి పట్టుకుపోయాడు.

మంగళవారం పదకొండింటికి ఒక నీలం కుర్చీ లేచింది. రిజిస్టరమ్మ పత్రం పుచ్చుకుని దాని వెనకాల పరుగెత్తింది. కుర్చీ చులాగ్గా నాలుగు కాళ్ళ మీద పోతోంది, ఈవిడ రెండు కాళ్ళతో దాన్ని అందుకోలేక రొప్పుతోంది. రెండు వీధులు, ఒక వంతెన, ఒక మందుల దుకాణం దాటి, అది ఒక పాత భవనంలో మూడో అంతస్తుకి మెట్లెక్కింది. తలుపు తీసినాయన మెడలో టేపు వేలాడుతోంది. ఆయన దర్జీ.

"నిన్నటి నుంచి నిలబడే కత్తిరిస్తున్నానమ్మా, కుట్టడానికి కూర్చోబోతే కుర్చీ లేదు" అన్నాడు. "ఇల్లంతా వెతికాం. మా ఆవిడే పారేసిందట. ఆ మాట చెప్పడానికి నోరు రాక నాతోపాటు తనూ మంచాల కిందా అదీ వెతికింది." లోపల్నించి ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆయన నాలుగు ప్రతుల మీదా సంతకం పెట్టి, కుర్చీని చేత్తో తుడిచి, దాని మీద కూర్చుని చూసుకున్నాడు. రిజిస్టరమ్మకి ఆ కుర్చీ మీద అసూయ పుట్టింది. కుర్చీ మీద అసూయేమిటని సిగ్గుపడింది కూడా, కానీ పుట్టిన మాట నిజం. ఇంటికి ఓ పూట ఆలస్యంగా వెళ్తే తనని ఎవరు ఏ మంచం కింద వెతుకుతారు?

బుధవారం సాయంత్రానికి పదకొండు పత్రాలు సంతకాలతో సహా సిద్ధమయ్యాయి. తీసుకెళ్ళినవారు అనే గడిలో ఆవిడ అన్నిట్లోనూ 'స్వయంగా' అని రాసింది. ఇన్‌స్పెక్టరు వాటిని మెచ్చుకున్నాడట. మెచ్చుకుంటూనే రిపోర్టు పంపించాడు. మేనేజరు దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు, నీళ్ళు నములుతూ నిలబడ్డాడు.

"ఏముంది సార్ అందులో?"

"ఈ రెండు రోజులవీ బాగున్నాయట. వెనకటివే... రికార్డుల బాధ్యురాలిని తక్షణం తొలగిస్తేగాని లైసెన్సు సంగతి చూడరట." గొంతు సవరించుకున్నాడు. "నేను తీసెయ్యడం లేదమ్మా. ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు. ఎనభై మంది పొట్ట కొట్టలేను కదా."

"కారణం ఏం రాశారు?"

మేనేజరు కాయితం ఆవిడ ముందు పెట్టాడు. పైన ఆవిడ పూర్తి పేరు, ఎవరూ పిలవని పేరు. దాని పక్కనే 'తప్పుడు నమోదులు చేసిన వ్యక్తి' అని ఉంది.

ఉద్యోగం పోయిందన్న మాట ఆవిడ బుర్రకి ఇంకా ఎక్కలేదు. ఆ నాలుగు ముక్కలు మాత్రం సూటిగా గుండెల్లో గుచ్చుకున్నాయి. ఏడేళ్ళలో ఒక అంకె దిద్దిందంటే, దిద్దిన చోట సంతకం పెట్టకుండా పేజీ తిప్పలేదు. తను తప్పు రాసిందా? తేమ కానిదాన్ని తేమ అని రాసింది, కాబట్టి తప్పే. రాయడానికి వేరే గడి లేదు, కాబట్టి తప్పు కాదు. ఎటు తిప్పినా లెక్క రెండువైపులా సమానం కాలేదు. కలం, టీ కప్పు, కుర్చీ మీది చిన్న మెత్త సంచిలో వేసుకుని ఇంటికి నడిచింది.

గురువారమంతా వంటగదిలోనే గడిచింది. భర్త పొద్దున్నే ఫ్యాక్టరీ డ్యూటీకి పోతూ "పోతే పోయిందిలే" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు, కానీ అది ఓదార్పులా తగల్లేదు. అత్తగారు మాత్రం విషయం తేల్చుకునేదాకా వదిలే మనిషి కాదు. కాళ్ళు బారజాపుకుని కూరగాయలు తరుగుతూ మొదలుపెట్టింది.

"గొడుగు వెళ్ళిపోయింది. నువ్వు తేమ అని రాశావు. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"గొడుగని ఎక్కడా రాయలేదా?"

"రాశాను. పెన్సిలుతో, వెనక పేజీల్లో. ఏ రోజు ఏది వెళ్ళింది, ఎంత బరువు, ఎటు తిరిగింది, అన్నీ."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు. రాయకపోతే నిద్ర పట్టేది కాదు."

అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "ఆ ముక్క ఆ సారుకి చెప్పకపోయావా?"

"అడగలేదు అత్తయ్యా."

"అడక్కపోతే చెప్పవూ? ఇరవై ఏళ్ళు చూస్తున్నా నిన్ను. ఆకలేస్తోందని కూడా అడిగితేనే చెప్తావు."

రిజిస్టరమ్మ తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తింది. పెన్సిలు రాతలకి విలువ ఉంటుందో లేదో తనకి తెలియదు. రూలు ప్రకారం ఉండదు. సాయంత్రం గడియారం వైపు పదిసార్లు చూసింది. ఎందుకు చూస్తోందో అత్తగారికి అర్థం కాలేదు గాని, తనకి తెలుసు. తనని పారేసి ఒక రోజు అయింది. పొరపాటున పారేసి ఉంటే, ఎవరైనా వెతుకుతూ ఉంటే, ఈపాటికి కాళ్ళు లేవాలి. లేవలేదు. కాటా మామ లెక్క ప్రకారం తను నిజంగా చెత్తే. ఆ రాత్రి అన్నం సయించలేదు.

శుక్రవారం మూడు దాటింది. ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే రిజిస్టరమ్మ ఎడమ కాలు గుమ్మం వైపు తిరిగింది. కుడికాలు దాని వెంట వెళ్ళింది. చేతిలో సగం మడిచిన దుప్పటి అలాగే ఉంది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"తెలీదు అత్తయ్యా. కాళ్ళు వెళ్తున్నాయి."

అత్తగారు ఒక్క క్షణం కోడలి పాదాల వంక చూసి గబగబా లేచింది. దుప్పటి లాక్కుని చెప్పులు ముందుకి విసిరింది. "వేసుకుని పో. ఎంత దూరమో ఏమో."

వీధిలో పడ్డాక కాళ్ళు ఆగలేదు. ఎవరో తనని వెతుకుతున్నారు. ప్లాంటులోనే అయ్యుంటుంది, ఇంకెక్కడ? నెలాఖరు ఫారం నింపడం రాక మేనేజరు తల పట్టుకుని ఉంటాడు. దారి కూడా ప్లాంటు దారే. రోడ్డు దాటేచోట పాదాలు బుద్ధిగా ఆగాయి, పచ్చదీపం వెలిగాక కదిలాయి. పక్కన ఒక టిఫిను డబ్బా దొర్లుకుంటూ వచ్చి ఆగింది, అదీ అప్పుడే కదిలింది.

దూరం నుంచి ఆవిడ్ని చూడగానే వాచ్‌మన్ అడ్డకర్ర ఎత్తేశాడు. మేనేజరు మెట్లు దిగి పరుగున వచ్చాడు. "వచ్చావా అమ్మా, రా, రా. ఇంకా సంతకం పడలేదు. మధ్యాహ్నం నుంచి ఫోన్ ఎత్తడం లేదాయన."

రిజిస్టరమ్మ లోపలికి తిరగబోయింది. కాళ్ళు తిరగలేదు. ఎత్తిన కర్ర ముందు నుంచి, మేనేజరు చాచిన చేతుల ముందు నుంచి, గేటు దాటి తిన్నగా ముందుకి పోయాయి.

"ఏమిటిది? ఎక్కడికి?" అన్నాడు మేనేజరు.

"నాకేం తెలుసు సార్" అంది ఆవిడ, మెడ వెనక్కి తిప్పి. ఏడుపొస్తోంది. ఇక్కడ కాకపోతే తను ఇంకెవరికి కావాలి?

కాటా మామ గదిలోంచి బయటికి వచ్చి ఆవిడ నడకనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి లోపలికెళ్ళి ఒక రవాణా పత్రం పట్టుకుని ఆవిడ వెనకాల పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి, లుంగీ ఎత్తిపట్టుకుని పరుగెత్తడం ప్లాంటులో ఎవరూ చూడలేదు. "అమ్మాయ్, నిన్ను పారేసింది వీళ్ళు కాదు" అన్నాడు పత్రం చేతిలో కుక్కుతూ. "మేనేజరు ఆ రోజే చెప్పాడుగా, ఇందులో నా ప్రమేయం లేదని. నిజమే చెప్పాడు పాపం. ఇది పట్టుకో. పత్రం లేకుండా వెళ్తే మళ్ళీ నేరమంటారు."

పాదాలు కూడలిలో ఎడమకి తిరిగాయి. తపాలా ఆఫీసు దాటాయి, ప్రభుత్వ కార్యాలయాల వీధిలోకి దిగాయి. అప్పుడు అర్థమైంది ఆవిడకి, అర్థమయ్యాక అంతకుముందు కన్నా ఎక్కువ అయోమయం కమ్మింది. తనని తప్పుడు మనిషన్నవాడు తన కోసమే వెతకడమేమిటి? ఇంకా ఏదైనా తప్పు దొరికి, అది కూడా రాయడానికా? అయిదంతస్తుల భవనం. లిఫ్టు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. కాళ్ళు లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లెక్కేశాయి.

నాలుగో అంతస్తులో చివరి గది తలుపు తీసే ఉంది. ఇన్‌స్పెక్టరు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఏడు రిజిస్టర్లూ చుట్టూ తెరిచి ఉన్నాయి, అన్నీ వెనక పేజీల దగ్గర. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఏదో కాయితాల దొంతర తిరగేస్తూ, కింద చూస్తూ, మళ్ళీ తిరగేస్తున్నాడు. గుమ్మంలో ఆవిడ పాదాలు ఆగిపోయాయి.

ఆయన తలెత్తాడు. "మీ కోసమే వెతుకుతున్నాను" అన్నాడు. ఆశ్చర్యం ఏమీ లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "మూడింటి నుంచి. మీ ఫోన్ నంబరు రికార్డుల్లో ఉంటుందనుకున్నా. లారీ డ్రైవర్లవి, ఏరేవాళ్ళవి, ఎనభై మందివీ ఉన్నాయి. మీదొక్కటే లేదు."

"నేను రాసేదాన్ని కదా సార్. నాది రాసుకోవాలని తోచలేదు."

"మేనేజరుని అడుగుదామంటే మొహం చెల్లలేదు. మిమ్మల్ని తీసెయ్యమని రాసింది నేనే." ఒక రిజిస్టరు ఎత్తి వేలితో చూపించాడు. "ఈ పెన్సిలు రాతలు ఇవాళే చూశాను. ఇదిగో, అయిదేళ్ళ కిందటిది. కళ్ళజోడు ఒకటి, ముప్ఫై గ్రాములు, స్టేషను వైపు వెళ్ళింది. అది మా అమ్మది."

గోడ మీద గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

"ప్రతి కిలోకీ లెక్కుంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కలిపి చూశాను, ముందు పేజీలోని తేమ నష్టం, వెనక పేజీలోని జాబితా, రెండూ ఒకటే. అబద్ధం ఎక్కడా లేదు. గడి లేదు, అంతే. కానీ దీన్నిప్పుడు ఎలా రాయాలో నాకు తెలియడం లేదు మేడమ్. చెత్త అని రాస్తే లైసెన్సు రాదు. చెత్త కాదని రాయాలంటే ఏడేళ్ళ సంతకాలు కావాలి."

రిజిస్టరమ్మ చేతిలోని పత్రం ఆయన ముందు పెట్టింది. "ముందు దీని మీద పెట్టండి సార్."

ఆయన చదివాడు. వస్తువు పేరు ఖాళీ, బరువు ఖాళీ, తీసుకెళ్ళినవారు ఖాళీ, కారణం ఖాళీ. కింద, అందుకున్నవారి సంతకం. ఆవిడ పాదాల వంక చూశాడు. దుమ్ము కొట్టుకుపోయి, ఒక చెప్పు వారు తెగి ఉంది. ఆయన మొహం మెడ దాకా ఎర్రబడింది. వస్తువు పేరు దగ్గర ఆవిడ పూర్తి పేరు రాశాడు. తీసుకెళ్ళినవారు దగ్గర 'స్వయంగా' అని రాశాడు. కారణం దగ్గర కలం చాలాసేపు ఆగింది. 'పొరపాటున పారేయబడినది' అని రాసి, నాలుగు ప్రతుల మీదా సంతకం పెట్టాడు.

"పద్నాలుగో నిబంధన" అంది రిజిస్టరమ్మ. "అందుకున్నాక ఇక చెత్త కాదు. ఇప్పుడు నేను మాట్లాడొచ్చు కదా సార్?"

"చెప్పండి."

ఇరవై ఏళ్ళలో ఆవిడ ఎవరూ అడక్కుండా తన మనసులో మాట చెప్పింది అదే మొదటిసారి. "పెన్సిలు జాబితాలో ఉన్నవి ఎటు వెళ్ళాయో నాకు తెలుసు. ఎవరింట్లో ఉన్నాయో వెళ్ళి అడిగితే సంతకం పెడతారు. ఎవరూ కాదనరు, తిరిగొచ్చిన వస్తువుని ఎవరూ మర్చిపోరు. నాకు ఆర్నెల్లు గడువివ్వండి. ఈలోగా తేమ నష్టం కింద ఇంకో గడి గీసి, 'ఇంటికి వెళ్ళినవి' అని పేరు పెట్టి లైసెన్సు ఇవ్వండి. మీ అమ్మగారి కళ్ళజోడుకి సంతకం మీరు ఇప్పుడే పెట్టొచ్చు."

ఇన్‌స్పెక్టరు స్కేలు తీసి ఫారంలో గడి గీశాడు. కొంచెం వంకరగా వచ్చింది. దాని మీద ముద్ర వేశాడు, లైసెన్సు కాయితం మీద సంతకం పెట్టాడు, మేనేజరుకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. అవతల మేనేజరు ఏదో గట్టిగా అంటున్నాడు, వెనకాల ఎవరివో కేకలు వినిపిస్తున్నాయి. కళ్ళజోడు వరసలోనూ సంతకం పెట్టి, రిజిస్టరు మూసి ఆవిడ చేతికిచ్చాడు. సోమవారం నుంచి తన బల్ల దగ్గరికి వెళ్ళొచ్చన్నాడు.

రిజిస్టరమ్మ కదల్లేదు. ఇప్పుడు కాళ్ళు ఆవిడ చెప్పినట్టే వింటాయి. వెళ్ళమంటే వెళ్తాయి.

"ఇంకేమిటి?" అన్నాడాయన.

"బుధవారం రిపోర్టు సార్."

ఆయన సొరుగులోంచి కాయితం తీశాడు. ఆవిడ పూర్తి పేరు, దాని పక్కన ఆ మాటలు. కలంతో వాటిని అడ్డంగా కొట్టేశాడు. రెండోసారి కూడా గీశాడు, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. కాయితం ఆవిడ వైపు తిప్పి, చాలా అన్నట్టు చూశాడు.

ఆవిడ వంగి పరిశీలనగా చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి గాని గొంతు కాటా గదిలో ఉన్నట్టే ఉంది.

"తేదీ కూడా వెయ్యండి సార్. దిద్దిన చోట తేదీ లేకపోతే చెల్లదు."